బొమ్మలమ్మ గుట్ట మీది జినుల ముచ్చట

ఇగో పిలగాండ్లు, జర మంట దగ్గరికి జరుగున్రి. అరేయ్, ఆ పత్తికట్టె ఇంకో నాలుగు ఎగదొయ్యి. పొద్దుగాల గుట్ట దిగుతుంటే అడిగిన్రు గదా, "తాతా, బండ మీద బట్టలు లేకుంట నిలబడ్డ ఆ దేవుండ్లు ఎవరు? అమ్మవారి కింద ఆ రాతలేంది?" అని. నడుసుకుంట చెప్పే ముచ్చట గాదని అప్పుడు ఊకున్న. ఇప్పుడు చెప్త. నిద్రొచ్చినోళ్లు పండుకోన్రి, మెలకువతోని ఉన్నోళ్లు మనసు పెట్టి ఇనున్రి.

మన కురిక్యాల గుట్ట మీదున్న తల్లిని మనం బొమ్మలమ్మ అని మొక్కుతం. ఆమె పేరు చక్రేశ్వరి. చేతులల్ల చక్రాలు పట్టి, గరుడుని మీద కూసుంటది. జైనుల మొదటి తీర్థంకరుడు ఋషభనాథుని మతానికి కాపు కాసే దేవత ఆమె. ఆమె పక్కన, ఎక్కువ తక్కువ లేకుంట నిలువుగ నిలబడ్డ మూర్తులు జినులు. కోపం మీద, ఆశ మీద, అహంకారం మీద యుద్ధం చేసి గెలిచినోణ్ణి జినుడంటరు. వాళ్ల బాట పట్టినోళ్లు జైనులు.

ఆ మూర్తులను చూసి మీల కొందరు నవ్విన్రు. తప్పు పట్టను, తెల్వక నవ్విన్రు. వాళ్లు బట్టలిడిచింది సిగ్గు లేక గాదు. ఇల్లిడిచిన్రు, భూమిడిచిన్రు, గిన్నె చెంబు ఇడిచిన్రు. ఆఖరికి నాది అనుకునేటి గుడ్డపేలిక గూడ ఎందుకని ఇడిచిన్రు. నాది అన్న మాట ఎక్కడ మొదలైతదో అక్కడ్నే భయం మొదలైతది, కొట్లాట మొదలైతది. ఆ వేరునే పెరికేసుకున్నోళ్లు బిడ్డా వాళ్లు.

తీర్థంకరులు 24 మంది. సంసారమనే ఏరు దాటే రేవు కట్టినోళ్లన్నట్టు. మొదటాయన ఋషభుడు, 23వ ఆయన పార్శ్వనాథుడు, తల మీద పాము పడగ ఉంటది, ఆ పడగను బట్టి ఎక్కడున్నా గుర్తు పట్టొచ్చు. ఆఖరాయన వర్ధమాన మహావీరుడు. ఇయ్యాల్టి బీహార్ల, వైశాలి దగ్గరి కుండగ్రామంల పుట్టిండు. క్రీస్తుకు 599 ఏండ్ల ముందు పుట్టిండని జైనుల లెక్క. తండ్రి సిద్ధార్థుడు, తల్లి త్రిశల. క్షత్రియుల ఇల్లు, దేనికీ తక్కువ లేదు. 30 ఏండ్లకు ఇల్లిడిచి పోయిండు. 12 ఏండ్లు తపస్సు చేసిండు. ఊర్లల్ల కుక్కలను ఉసిగొల్పినా, రాళ్లతోని కొట్టినా, ఎదురు మాట అనలే. 42 ఏండ్లప్పుడు ఋజువాలిక నది ఒడ్డున సాల చెట్టు కింద కేవలజ్ఞానం అందుకున్నడు. అటెన్క 30 ఏండ్లు తిరిగి తిరిగి చెప్పిండు. సంస్కృతంల గాదు, అక్కడి జనం మాట్లాడే అర్ధమాగధిల చెప్పిండు. ఈ సంగతి యాదిల పెట్టుకోన్రి, దీనితోని మనకు పనున్నది. 72 ఏండ్లకు పావాపురిల నిర్వాణం పొందిండు. అది దీపావళి అమావాస్య. మనం నరకాసురుడు సచ్చిండని దీపాలు పెడ్తం. జైనులు జ్ఞానమనే వెలుగు పోయింది, కనీసం దీపాల వెలుగన్న ఉంచుదామని పెడ్తరు. తెల్లారి నుంచి వాళ్లకు వీరనిర్వాణ శకం, కొత్త ఏడాది.

ఆయన తపస్సు చేసే కాలంలది ఒక ముచ్చట, జైనులల్ల తెల్లబట్ట కట్టే శాఖోళ్లు, శ్వేతాంబరులు, చెప్పుకుంటరు. చందన అని ఒక పిల్ల. చంపానగరం రాజు బిడ్డ. యుద్ధంల నగరం కూలిపోయి, ఆ పిల్లను పట్టుకపోయి కౌశాంబి అంగట్ల అమ్మిన్రు. ఒక షావుకారి కొనుక్కపోయి కన్నబిడ్డ లెక్క చూసుకున్నడు. ఆయన పెండ్లానికి కండ్లల్ల నిప్పులు పడ్డయి. మొగడు ఊర్ల లేంది చూసి, పిల్లకు గుండు కొట్టించి, కాళ్లకు సంకెండ్లేసి చీకటి అర్రల పడేసింది. మూడు దినాలకు షావుకారి వచ్చి తలుపు తీసిండు. తినెతందుకు ఇంట్ల ఉడికిన మినుములు తప్ప ఏం దొర్కలే. ఒక చేటల పోసి పిల్ల చేతికిచ్చి, సంకెండ్లు కోపించెతందుకు కమ్మరి కాడికి ఉరికిండు.

గప్పుడే మహావీరుడు ఆ వాడకట్టుకు భిక్షకు వచ్చిండు. ఐదు నెలల 25 దినాలాయె, ఆయన ముద్ద ముట్టక. ఎందుకంటే మనసుల ఒక ఒట్టు పెట్టుకున్నడు. రాజు బిడ్డ అయ్యుండి దాసి అయినామె, గుండు తోని, సంకెండ్ల తోని, గడపకు ఒక కాలు అవతల ఒక కాలు ఇవతల పెట్టి, కండ్ల నీళ్లు పెట్టుకుంట, చేటల మినుములు పెడ్తేనే తింట అని. ఆ ఒట్టు ఎవ్వలికీ చెప్పలే. రాజులు, రాణులు పంచభక్ష్యాలు తెచ్చినా చెయ్యి చాపలే. చందన ముంగట నిలబడ్డడు. ఆ పిల్ల సంబురపడి నవ్వింది. కండ్ల నీళ్లు లేవని ఆయన ఎన్కకు మళ్లిండు. "నా బతుకుకు ఇది గూడ దక్కదా" అని ఆ పిల్ల ఏడ్చింది. ఆయన తిరిగొచ్చి చెయ్యి చాపిండు. తర్వాత ఆమెనే ఆయన సంఘంల సన్యాసినులందరికీ పెద్ద అయ్యింది. 36,000 మంది సాధ్వులకు ఆమె గురువమ్మ అని వాళ్ల గ్రంథాలు రాస్తయి. అంగట్ల అమ్ముడుపోయిన పిల్లను ఒక మతం తన పెద్దపీట మీద కూసుండబెట్టింది. ఆ కాలంల ఇది చిన్న ముచ్చట గాదు.

ఇగ వాళ్లు ఏం నమ్ముతరంటే. లోకాన్ని ఒక దేవుడు పుట్టించిండని వాళ్లు అనరు. లోకం ఎప్పుడూ ఉన్నది, ఎప్పుడూ ఉంటది. అండ్ల ప్రాణమున్నది జీవం, లేంది అజీవం. జీవం మనుషులల్లనే గాదు, చీమల, చెట్టుల, నీటిల, మట్టిల, గాలిల, నిప్పుల గూడ ఉన్నది. ఒక్క స్పర్శ మాత్రమే తెలిసిన జీవాలు కొన్ని, ఐదు ఇంద్రియాలున్న జీవాలు కొన్ని. అన్నింటికీ నొప్పి ఒక్కటే. మనం చేసే పని, అనే మాట, అనుకునే తలంపు, ప్రతిదీ సన్నని కర్మ రేణువులను గుంజి, నూనె పూసుకున్న ఒంటికి దుమ్మంటినట్టు ఆత్మకు అంటిస్తది. కోపం, లోభం ఆ నూనె. కొత్త దుమ్ము అంటకుంట ఆపుకొని, పాతదాన్ని తపస్సుతోని రాల్చుకుంటే ఆత్మ తేలికై పైకి పోతది. అదే మోక్షం. ఎవలో వచ్చి ఇచ్చేది గాదు, ఎవలకు వాళ్లు సంపాయించుకునేది.

అందుకనే ఐదు వ్రతాలు పెట్టుకున్నరు. అహింస, సత్యం, అస్తేయం అంటే దొంగతనం చెయ్యకపోవుడు, బ్రహ్మచర్యం, అపరిగ్రహం అంటే కూడబెట్టకపోవుడు. సన్యాసులు వాటిని పూర్తిగ పాటిస్తరు, సంసారులు తమకు సాధ్యమైనంత పాటిస్తరు. పొద్దు గూకకముందే అన్నం తింటరు, చీకట్ల పురుగు పుట్ర తిండిల పడతయని. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ముట్టరు, గడ్డను పెరికితే మొక్క మొత్తం సస్తది, మట్టిల జీవాలు సస్తయని. బట్ట లేని మునులు నెమలీకల కుంచెతోని ముందు ఊడ్చుకుంట అడుగేస్తరు. శ్వేతాంబర సాధువులల్ల కొందరు మూతికి గుడ్డ కట్టుకుంటరు.

మాటల గూడ హింస ఉంటదని కనిపెట్టినోళ్లు వాళ్లు. దాన్ని అనేకాంతం అంటరు. ఏ సంగతికైనా ఒక్క పక్కనే ఉండదు. చూడున్రి, నేను మీకు తాతను. మీ నాయనకు అయ్యను. మీ నాయనమ్మకు మొగణ్ని. బడిల పిలగాండ్లకు తెలుగు పంతులును. ఇండ్ల ఏది నిజం? అన్నీ నిజమే, ఏ దిక్కు నుంచి చూస్తే ఆ దిక్కు నిజం. ఒక్కటే నిజం, తతిమ్మవి అబద్ధం అంటే అక్కడ్నే తగాదా పుడ్తది. అందుకే వాళ్ల పండితులు మాట మాట్లాడితే "ఒక తీరుగ చూస్తే ఇట్ల" అని మొదలుపెట్టేటోళ్లు. ఊర్ల పంచాయతిల కూసున్నప్పుడల్లా నాకు ఈ సంగతి యాదికొస్తది. ఎదుటోని పక్కకు పోయి ఒక్కసారి నిలబడి చూస్తే సగం కొట్లాటలు పంచాయతి కాడికి రాకముందే సల్లారుతయి.

ఇప్పుడు మన దిక్కు కథ. బోధన్ పేరు ఇన్నరు గదా, నిజామాబాద్ జిల్లాల ఉన్నది. దానికి పాత పేరు పోదన, పౌదనపురం. అశ్మక జనపదానికి రాజధాని. జైనుల కథలల్ల అది బాహుబలి రాజ్యం. అవును బిడ్డా, సినిమాల బాహుబలి గాదు, అసలు బాహుబలి.

ఋషభుడు రాజుగ ఉన్నప్పుడు మనుషులకు వ్యవసాయం, చేతిపనులు, రాత అన్నీ నేర్పిండట. పెద్ద బిడ్డ బ్రాహ్మికి అక్షరాలు, చిన్న బిడ్డ సుందరికి అంకెలు నేర్పిండట. మొదటి చదువు ఆడపిల్లలకే చెప్పిండన్నట్టు. కొడుకులల్ల పెద్దోడు భరతుడు. ఇంకో తల్లి కొడుకు బాహుబలి. ఋషభుడు రాజ్యం పంచిచ్చి అడవికి పోయిండు. భరతుడు దిక్కులన్నీ గెలిచి వచ్చిండు. ఆయన ముంగట నడిచే చక్రం ఊరి దర్వాజ కాడ ఆగిపోయింది. ఎందుకంటే ఇంకా తమ్ముండ్లు లొంగలేదు. తతిమ్మా తమ్ముండ్లు రాజ్యమిడిచి సన్యాసం తీసుకున్నరు. బాహుబలి మాత్రం "అన్నగ అయితే మొక్కుత, రాజుగ అయితే మొక్కను" అన్నడు.

రెండు సైన్యాలు ఎదురుబడ్డయి. మంత్రులు నడుమల నిలబడి, "మీ ఇద్దరి పంతానికి ఇంతమంది ఎందుకు సావాలె? మీరిద్దరే తేల్చుకోన్రి" అన్నరు. ఒప్పుకున్నరు. మొదలు చూపు యుద్ధం, రెప్ప కొట్టకుంట చూసుకోవాలె. తర్వాత నీళ్ల యుద్ధం. ఆఖరుకు కుస్తీ. మూడింటిల బాహుబలే గెలిచిండు. కుస్తీల అన్నను రెండు చేతులతోని తల మీదికి లేపిండు. ఇసిరి కొడితే అయిపోతది. గప్పుడు బాహుబలికి మనసు తిరిగింది. ఈ మట్టి కోసం నేను అన్నను కొట్టనా అనుకున్నడు. మెల్లగ కిందికి దించిండు. గెలిచిన రాజ్యం ఓడినోనికే ఇచ్చిండు.

అడవికి పోయి నిలబడ్డడు. కూసోలే, పండుకోలే. ఏడాది ఒకే తీరుగ నిలబడ్డడు. కాళ్ల కాడ పుట్టలు లేసినయి. తొడలకు, చేతులకు తీగలు అల్లుకున్నయి. అయినా జ్ఞానం రాలే. ఎందుకు? నేను నిలబడ్డ ఈ నేల అన్నదే గదా అన్న బాధ మనసుల ముల్లు లెక్క ఉన్నది. భరతుడు వచ్చి కాళ్లకు మొక్కిండు. ఆ ముల్లు ఊడింది. గప్పుడు కేవలజ్ఞానం వచ్చింది. చూసిన్రా, అంత తపస్సు గూడ ఒక అన్న వచ్చి వంగేదాంక పూర్తి గాలే. మీరు అన్నదమ్ములు పొలం గట్టు కాడ కొట్లాడుకున్నప్పుడు ఈ ముచ్చట యాది చేసుకోన్రి.

పౌదనపురంల భరతుడు బాహుబలికి పెద్ద విగ్రహం పెట్టిచ్చిండని జైనుల నమ్మకం. గంగరాజుల మంత్రి చావుండరాయని తల్లి ఆ విగ్రహాన్ని చూడాలని పట్టు పట్టిందట. అక్కడికి పోయే బాట అడివి పట్టి, పాములు చేరి మూసుకపోయిందని ఇని, చావుండరాయడు కన్నడ దేశంల శ్రవణబెళగొళ కొండ మీద అసొంటి మూర్తినే చెక్కించిండు. 981 ప్రాంతంల. 57 అడుగుల ఎత్తు, ఒక్కటే రాయి. 12 ఏండ్లకోసారి మహామస్తకాభిషేకం చేస్తరు. ఆ కొండకు ఎదురుగున్న చిన్న కొండ మీద చంద్రగుప్త మౌర్యుడు తన గురువు భద్రబాహు దగ్గర ఆఖరి దినాలు గడిపి, అన్నం నీళ్లు తగ్గించుకుంట ప్రాణమిడిచిండని దిగంబరుల సంప్రదాయం. ఉత్తరాన 12 ఏండ్ల కరువు పడితే భద్రబాహు శిష్యులను తీసుకొని దక్షిణానికి వచ్చిండంటరు. అక్కడ ఉండిపోయినోళ్లు తెల్లబట్ట కట్టుకున్నరు, వాళ్లు శ్వేతాంబరులు. బట్ట లేనోళ్లు దిగంబరులు. ఇట్ల రెండు శాఖలైనయి.

వేములవాడ చాళుక్యులు మొదలు బోధన్‌ల ఉండి, తర్వాత వేములవాడకు వచ్చిన్రు. మనం రాజన్న దర్శనానికి పోయే ఊరే. వాళ్లల్ల రెండవ అరికేసరి కొలువుల పంపడు అనే మహాకవి ఉండె. కన్నడ భాషకు ఆదికవి. 941లో ఆదిపురాణం రాసిండు, నేను ఇప్పుడు చెప్పిన భరత బాహుబలుల కథ అండ్లదే. అరికేసరిని అర్జునునితోని పోల్చి విక్రమార్జున విజయం గూడ రాసిండు. ఆయన పెద్దలది వేంగినాడుల వంగిపర్రు. బ్రాహ్మణ కుటుంబం. తండ్రి భీమపయ్య జైన ధర్మం తీసుకున్నడు. ఇల్లు వేంగిది, కొలువు వేములవాడది, కవిత్వం కన్నడంది. అప్పట్ల మనుషులకు ఇప్పటి హద్దులు లేకుండె.

పంపని తమ్ముడు జినవల్లభుడు. మన బొమ్మలమ్మ గుట్ట మీద ఆ మూర్తులను చెక్కించింది ఆయననే. సుమారు 945 నాటి సంగతి. గుట్ట మీద త్రిభువనతిలకమనే బసది, అంటే జైన గుడి, కట్టించిండు. కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించిండు. అది అన్న బిరుదు. మదనవిలాసమనే తోట పెట్టించిండు. ఇవన్నీ చెప్పుకుంట అమ్మవారి కింద శాసనం చెక్కించిండు. సంస్కృతంల, కన్నడంల, తెలుగుల, మూడు భాషలల్ల. పండితుల కోసం ఒకటి, అన్న భాషల ఒకటి, ఇక్కడి జనం భాషల ఒకటి. మహావీరుడు జనం మాటల చెప్పిండని యాదిల పెట్టుకొమ్మన్న గదా, అదే గుణం వెయ్యిన్నర ఏండ్లకు మన గుట్ట మీద తేలింది.

తెలుగు భాగంల మూడు కంద పద్యాలున్నయి. జినాలయాలు కట్టుడు, పూజలు చేసుడు, మునులకు అన్నం పెట్టుడు, వీటిల జినవల్లభునికి సాటి ఎవరు అన్న భావం. చిన్న మాటలే. కానీ నన్నయ్య రాజమహేంద్రవరంల భారతం మొదలుపెట్టకముందు దాదాపు నూరేండ్ల కిందటి కందాలు అవి. మనకు దొరికిన తొలి కంద పద్యాలు ఇవే అని పండితులు చెప్తరు. నేను బడిల ఎంతమందికి కందం గణాలు నేర్పిన్నో! గగ, భ, జ, స, నల అని బోర్డు మీద రాసుకుంట. ఆ కందం తెలుగుల మొదలు కనబడ్డ బండ మన ఊరి గుట్టనే అని తెలిసినాడు నా ఒళ్లు జల్లుమన్నది. జినవల్లభుని నేస్తం మల్లియ రేచన అంటరు. ఆయన పేరు మీద నిలిచిన కవిజనాశ్రయం తెలుగుల తొలి ఛందశ్శాస్త్రం. ఆయన గూడ జైనుడే. పద్యం ఎట్ల రాయాలెనో మనకు మొదలు చెప్పినోళ్లు జైనులు బిడ్డా.

అంతేగాదు. మన గంగాధర ఊర్లనే సోమదేవసూరి అనే జైన ఆచార్యుడు 959లో యశస్తిలక చంపువు పూర్తి చేసిండు. సంస్కృత సాహిత్యంల పెద్ద గ్రంథం. రాజనీతి మీద నీతివాక్యామృతం గూడ ఆయనదే. వేములవాడల రాజు బద్దెగుడు శుభధామ జినాలయం కట్టిస్తే, దానికి 966లో మూడవ అరికేసరి ఊరు దానమిచ్చినట్టు రాగి రేకుల మీద ఉన్నది. ఇంకో ముచ్చట. మా చిన్నప్పుడు పలక పట్టిస్తే ఓం నమః శివాయ, సిద్ధం నమః అని దిద్దిచ్చేటోళ్లు. సిద్ధులకు మొక్కే ఆ రెండో మాట జైన పంతుళ్ల బడుల నుంచి వచ్చిందని పెద్దలు చెప్తరు. శివుడు, సిద్ధుడు ఒకే పలక మీద పక్కపక్కన కూసున్నరు.

మన దిక్కే అనుకోకున్రి. తెలుగు నేల మొత్తం వాళ్ల అడుగులున్నయి. అనంతపురం దిక్కు గుంతకల్లు దగ్గర కొనకొండ్ల ఉన్నది. సమయసారం, ప్రవచనసారం రాసిన కుందకుందాచార్యుల ఊరు అదే అంటరు. దిగంబరులు మంగళం పాడేటప్పుడు మహావీరుడు, ఆయన శిష్యుడు గౌతముడు, ఆ తర్వాత కుందకుందుని పేరే తలుచుకుంటరు. అంత పెద్దాయన తెలుగు నేలల పుట్టిండంటరు. బెజవాడల నడుంబి వసది అని జైన గుడి ఉండె. తూర్పు చాళుక్య రాజ్యం పెట్టిన కుబ్జవిష్ణువర్ధనుని రాణి అయ్యణ మహాదేవి దానికి ముసినికొండ ఊరు దానమిచ్చింది. కడప దిక్కు పెన్న ఒడ్డున దానవులపాడుల ఇసుక కింద జైన గుడి బయటపడ్డది. విజయనగరం దగ్గర రామతీర్థం కొండ మీద రాజు విమలాదిత్యుని కాలం నాటి జైన గురువుల గుర్తులున్నయి.

హనుమకొండ పద్మాక్షి గుట్ట మీరు చూసిన్రు. బతుకమ్మ పండుగకు ఆ గుట్ట కింద చెరువు కాడ ఆడోళ్లు వేలకు వేలు చేరి ఆడ్తరు. ఆ గుట్ట మీద 1117లో కడలాలయ బసది కట్టించింది ఒక ఆడామె, కాకతీయుల మంత్రి బేతన పెర్గడ భార్య మైలమ. బండ మీద తీర్థంకరుల మూర్తులు ఇప్పటికీ ఉన్నయి. జైన గుట్ట కింద బతుకమ్మ ఆడుతుంటే ఎవలకూ ఏ అడ్డం లేదు. జనం మనసు పెద్దది.

మరి అంతమంది జైనులు ఏమైన్రు అని అడుగుతవా? చెప్త, ఉన్నది ఉన్నట్టు చెప్త. 12వ శతాబ్దంల కన్నడ దేశంల బసవేశ్వరుడు, మన దిక్కు మల్లికార్జున పండితారాధ్యుడు వీరశైవాన్ని జనంలకు తెచ్చిన్రు. పాల్కురికి సోమన బసవపురాణం రాసిండు, జైనులను ఓడగొట్టిన కథలు అండ్ల ఉన్నయి. కొన్ని బసదులు శివాలయాలైనయి. కొన్ని మూర్తులు పగిలినయి, కొన్ని మట్టిల పూడినయి. రాజులు కొలువు మార్చిన్రు, దానాలు మళ్లినయి, మునులకు భిక్ష పెట్టే ఇండ్లు తగ్గినయి. అది బాధపడే ముచ్చటే. కానీ పిల్లలూ, వీరశైవుల మీద గూడ పగ పెట్టుకోవద్దు. కులం కట్టు తెంచి, చెప్పులు కుట్టేటోళ్లను, బట్టలు ఉతికేటోళ్లను భక్తులని పక్కన కూసుండబెట్టుకున్నరు వాళ్లు. సోమన ద్విపదల, జనం పాడుకునే తెలుగుల రాసిండు. ఆ బాట జైనులు వేసిందే గదా, దేశి మాటకు పట్టం కట్టుడు. ఎవలి పక్కన వాళ్లకు ఒక నిజమున్నది. ఒక మంచి ఇంకో మంచిని ఎట్ల తొక్కుతదో చరిత్రల చూడాలె, చూసి మనం అట్ల చెయ్యకుంట ఉండాలె.

ఆలేరు దగ్గర కొలనుపాక పోతే ఇది కండ్లకు కనబడ్తది. అక్కడ మాణిక్యదేవుడని పిలిచే ఋషభనాథుని గుడి ఉన్నది. పచ్చరాతిల చెక్కిన మహావీరుని మూర్తి ఉన్నది, దేశం నలుమూలల నుంచి శ్వేతాంబరులు వస్తరు. అదే ఊర్ల సోమేశ్వరుని గుడి ఉన్నది. వీరశైవుల ఆచార్యుడు రేణుకాచార్యుడు ఆ లింగం నుంచే పుట్టిండని వాళ్ల నమ్మకం. రెండు మతాల పెద్ద తావులు ఒక్క ఊర్లనే.

ఇయ్యాల మన పట్నాలల్ల జైనులంటే రాజస్థాన్, గుజరాత్ నుంచి వచ్చిన వ్యాపారులు అనే తెలుసు మనకు. దేశం మొత్తం మీద 2011 లెక్కల ప్రకారం 44 లక్షల పైచిలుకు ఉన్నరు, నూటికి అర మంది గూడ లేరు. కానీ వాళ్లు ఇచ్చింది లెక్కకు రాదు. గాంధీకి మనసుల సందేహాలు వచ్చినప్పుడు ఉత్తరాలు రాసినోళ్లల్ల రాయ్‌చంద్‌భాయి అనే జైన జ్ఞాని ముఖ్యుడు. దేశాన్ని నడిపిన అహింసల ఆయన పాలు గూడ ఉన్నది. జైన సంసారులు పర్యుషణ పండుగ ఆఖర్న ఇంటింటికి పోయి, చిన్న పెద్ద చూడకుంట, "తెలిసి తెల్వక నేను నిన్ను నొప్పిస్తే క్షమించు" అని అడుగుతరు. షావుకారి జీతగాణ్ణి అడగాలె, అత్త కోడలిని అడగాలె. అంత ధైర్యం కావాలె బిడ్డా. కత్తి పట్టే ధైర్యం కన్న అది ఎక్కువ.

నాకు ఇండ్ల తెలిసింది ఒక్కటే. మన గుట్ట మీది జినులు ఎక్కడి నుంచో వచ్చి ఎక్కడికో పోయిన పరాయోళ్లు గాదు. మన పెద్దలల్ల చానమంది వాళ్లను మొక్కినోళ్లే అయ్యుంటరు. మన నాలుక మీది పద్యం వాళ్లు దిద్దింది. మనం పేరు మార్చి మొక్కినా, పేరే మర్సిపోయినా, ఆ మూర్తులను ఇప్పటిదాంక కాపాడింది మనూరి భక్తే. ఇక ముందు కాపాడేది మాత్రం మీ తెలివే. కరీంనగర్ గుట్టలను గ్రానైట్ కోసం ఎట్ల కోస్తున్నరో చూస్తనే ఉన్నరు. బండ కోస్తే పైసలొస్తయి. పద్యమున్న బండ పోతే మళ్లా పుట్టది.

అందుకే రేపు పొద్దుగాల మళ్లా గుట్టెక్కుదాం. పలకలు, నోటుబుక్కులు తెచ్చుకోన్రి. శాసనంల ఏ అక్షరం ఏదో నేను చూపిస్త, మీరు గీసుకోన్రి. రాతి మీద సున్నం పూయొద్దు, నూనె పోయొద్దు, మీ పేర్లు గీకొద్దు, గీకుతున్నోణ్ని చూస్తే మంచిగ చెప్పి ఆపున్రి. ఎవలన్న మిషిన్లు తెచ్చి ఆ గుట్ట దిక్కు వస్తే ముందు సర్పంచ్ దగ్గరికి ఉరకున్రి, తర్వాత నా దగ్గరికి రాన్రి. ఆ మూడు కందాలను ఎవలు తప్పు లేకుంట చదువుతరో, వచ్చే ఉగాదికి బడిల వాళ్ల చేతనే చదివిపిస్త.